సొరంగపేటలో వాకిలికి విశ్రాంతి

సోమవారం

వాకిలి ఈ రోజు కూడా నడుస్తోంది.

రోజూ రాసే లాగ్ ఈ మాటతోనే మొదలుపెట్టాలని మా ముందువాళ్ళు పెట్టిన ఆనవాయితీ. నడుస్తోంది, కాదనను. కుంటుకుంటూ నడిచినా నడకే కదా. వాకిలి అంటే ఊరి పనులన్నీ నడిపే కంప్యూటరు; గుహలో కట్టుకున్న మా సొరంగపేటలో ప్రతి ఇంటి గోడ మీదా దాని తెర ఉంటుంది. తలుపు తెరుచుకోవాలన్నా, స్నానానికి వంతు రావాలన్నా, వంటశాల నుంచి ప్లేటు కావాలన్నా, పిల్లలకి పాఠం కావాలన్నా ఆ తెర మీదే వేలు పెట్టాలి. గాలి పంకాలు తిప్పేదీ అదే. బయట అంగారకుడి ఎర్రదుమ్ము తప్ప పీల్చడానికి ఏమీ లేదు కాబట్టి, వాకిలి ఆగడమంటే ఏమిటో ఇక్కడ చంటిపిల్లకి కూడా తెలుసు.

నా పేరు భ్రమరాంబ. వాకిలి కాపలా నాదీ, యేసుపాదం అన్నయ్యదీ. ఊళ్ళో ఏ తెర మొరాయించినా తిట్లు మా ఇద్దరికీ సమానంగా పడతాయి. ఆయన నవ్వుకుంటూ పుచ్చుకుంటాడు. నేను వడ్డీతో సహా తిరిగి ఇచ్చేస్తాను.

పొద్దున్నే పడమటి వీధిలో మా చెల్లెలు నీలవేణి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే గోంగూర వాసన. వంటశాల పప్పంటే ఆ వీధివాళ్ళకి మొహం మొత్తింది. పోయిన పంటకి మళ్ళలో గోంగూర ఏపుగా వచ్చిందని ఎవరింట్లో వాళ్ళు సెగపలక మీద వండుకోవడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆ వీధికి ప్లేట్లు వెళ్ళడం లేదని వంటశాల గంగరాజు ఎదురుపడిన ప్రతివాళ్ళ దగ్గరా వాపోతున్నాడు.

కానీ ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నా కళ్ళు పోయేది పొయ్యి మీదికి కాదు, గాలిగూటి మీదికి. ఇక్కడ అందరం గాలిగూటికి పాత చీర అంచు పీలిక ఒకటి కట్టుకుంటాం. అది ఎగిరితే గాలి వస్తున్నట్టు. మా నడివీధిలో రెపరెపలాడుతూ ఉంటుంది. నీలవేణి ఇంట్లో ఆరేసిన గుడ్డలా వేలాడుతోంది. ఆ వీధి వీధంతా అంతే. పెద్దవాళ్ళు ఆవలిస్తూ తిరుగుతున్నారు, మధ్యాహ్నమయ్యేసరికి అందరికీ తలనొప్పే.

"పారి ఏదే?" అన్నాను.

"పడుకుంది. ఇందాకే లేచి రెండు ముద్దలు తిని మళ్ళీ పడుకుంది. ఎంతసేపూ నిద్రేనక్కా. ఆడుకోవే అంటే గోడకి ఆనుకుని కూచుంటోంది."

పారి దాని కూతురు, అంటే నా కూతురే. పోయిన పంట దాకా వీధి ఈ కొస నుంచి ఆ కొసకి పరుగులు పెట్టి అందరి మోకాళ్ళకీ డాష్ ఇచ్చిన పిల్ల. ఇప్పుడు పెద్దమ్మ వచ్చిందని చెప్పినా కళ్ళు సగమే తెరిచింది. నాకు దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. గోడ మీద తెర మాత్రం పచ్చరంగులో "గాలి: బాగుంది" అంటోంది. ఆ పచ్చదనం చూస్తే దాన్ని బద్దలు కొట్టాలనిపించింది.

సాయంత్రం ఊరి సభ. ఊరిపెద్ద సుభద్రాదేవి గారు మాట తేల్చేశారు. పడమటి వీధి రాతిలో ఎక్కడో పగులు ఉందట, గాలి అందులోంచి పోతోందట. శనివారం ఆ వీధికి అడ్డగోడ కట్టి మూసేస్తారట. ఆ ఇళ్ళవాళ్ళని మిగతా రెండు వీధుల్లో సర్దుతారట.

"రాయంతా తడిమి చూశాంగా అమ్మా. పగులు దొరకలేదు" అన్నాను.

"దొరకనంత మాత్రాన లేదంటావా? మరి గాలి ఎటు పోతోంది?"

"పోవడం కాదమ్మా, అసలు రావడమే లేదు. తప్పు వాకిలిలో ఉంది. గాలి విభాగాన్ని మెయింటెనెన్స్‌లో పెట్టి, అంటే కాసేపు ఆపి, విప్పి చూస్తాను."

సభలో అందరూ నేనేదో బూతు మాట అన్నట్టు చూశారు.

వాళ్ళని తప్పు పట్టలేను. మా చిన్నప్పుడు ఒకసారి వాకిలిని బాగుచేద్దామని మొత్తం ఒకేసారి ఆపారు. పంకాలు ఆగాయి, తలుపులు బిగుసుకున్నాయి, తిరిగి లేపేలోగా మనుషులు పోయారు. దాన్ని చీకటి రోజు అంటాం. సుభద్రాదేవి గారి అన్నయ్య ఆ రోజే పోయాడు. వాకిలిని ఆపకూడదని అప్పుడు పెట్టుకున్న నియమం ఇప్పటికీ ఉంది. అందుకే మేము దాన్ని నడుస్తుండగానే అతుకులు వేస్తూ వచ్చాం. అతుకు మీద అతుకు, దాని మీద ఇంకో అతుకు. ఏ దారం ఎటు వెళ్ళిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, మాతో సహా.

"మొత్తం ఆపమనడం లేదమ్మా. ఒక్కో ముక్క. మిగతాది నడుస్తూనే ఉంటుంది" అన్నాను.

"ముక్క ఆపడం నీకు వచ్చా?"

"నేర్చుకుంటాను."

"అయితే ప్రాణంతో సంబంధం లేనిది ఏదైనా ఆపి చూపించు. గాలి జోలికి మాత్రం వెళ్ళకు."

మంగళవారం

వాకిలి నడుస్తోంది. నా పరువు మాత్రం ఆగింది.

ప్రాణంతో సంబంధం లేనిది కదా అని స్నానాల వంతు ఎంచుకున్నాం. ఆ విభాగం పేజీ తెరిస్తే వచ్చేలా బోర్డు నేనే రాశాను: "స్నానాల వంతు మరమ్మతులో ఉంది. కాసేపు ఒకరి తరవాత ఒకరు మర్యాదగా వెళ్ళండి." యేసుపాదం అన్నయ్య "మర్యాదగా" తీసేయమన్నాడు, నేను తీయలేదు. మెయింటెనెన్స్‌లో పెట్టాను. స్నానాల పేజీలో బోర్డు వచ్చింది, తక్కిన పేజీలన్నీ మామూలుగా తెరుచుకున్నాయి. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

అప్పుడు వీధుల్లోంచి అరుపులు మొదలయ్యాయి. ఊళ్ళో తలుపులన్నీ బిగుసుకున్నాయి.

స్నానాలకీ తలుపులకీ ఏమిటి సంబంధమంటే, ఎప్పుడో ఎవరో స్నానాల గది తలుపుకి కొత్త గడియ పెట్టారు. లోపల మనిషి ఉంటే తెరుచుకోకూడదని దాన్ని స్నానాల వంతుకి ముడేశారు. ఆ గడియ బాగుందని ఊరందరికీ అదే బిగించారు. ముడి మాత్రం విప్పలేదు. విప్పాలంటే ఆపాలి, ఆపకూడదు కదా. దాంతో ఊళ్ళో ప్రతి తలుపూ తెరుచుకునే ముందు స్నానాల వంతుని అడిగి మరీ తెరుచుకుంటోంది, ఇన్నేళ్ళుగా.

మేము బోర్డు తీసి, విభాగాన్ని తిరిగి నడిపించి, బయటికి పరిగెత్తాం. ఇంకో ఘనకార్యం అప్పుడు తెలిసింది. ఆ కాసేపూ స్నానాల గదిలో చిక్కుకుపోయింది సాక్షాత్తూ సుభద్రాదేవి గారు. తల మీద సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి నా వంక ఒక చూపు చూశారు. నవ్వు ఆపుకోవడానికి యేసుపాదం అన్నయ్య గోడ వైపు తిరిగాడు.

"ఇదేనా నువ్వు నేర్చుకున్నది?"

నాకు భయం వేసినప్పుడు నోరు ఇంకా పెద్దదవుతుంది. "ఇదేనమ్మా! ఈ ముడి ఉందని నిన్నటిదాకా మీకు తెలుసా? నాకు తెలుసా? ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో? ఏ రోజైనా స్నానాల విభాగం దానంతటదే చెడిపోయి ఉంటే, తలుపుల వెనక ఎవరుండేవారు?"

నురగ కళ్ళల్లోకి జారుతున్నా ఆవిడ తుడుచుకోలేదు.

"ఇంకొక్కటి. వంటశాల ఆపు, ఎల్లుండి. ఒకపూట తిండి లేకపోతే ఎవరూ పోరు. అది కూడా ఇలాగే అయితే ఇంక నోరెత్తకూడదు, శనివారం గోడ లేస్తుంది" అన్నారు.

తలుపుల ముడి సాయంత్రానికి తీసేశాం. ఇప్పుడు తలుపులు ఎవర్నీ అడగడం లేదు, వేలు పెడితే తెరుచుకుంటున్నాయి. కీచుమనడం కూడా తగ్గింది. ఇది విజయమా కాదా అంటే విజయమే, కాకపోతే సబ్బు నురగ కింద పడి ఎవరికీ కనబడలేదు.

బుధవారం

వాకిలి నడుస్తోంది. మేము పసుపు గీకుతున్నాం.

ఏది ఆపితే ఏది ఆగుతుందో తెలియనప్పుడు, ఆగినదాన్ని చేత్తో నడపడానికి మనుషులు సిద్ధంగా ఉండాలి. మంగళవారం నాకు అబ్బిన జ్ఞానం ఇంతే. కాబట్టి ప్రతి వీధికీ ఒక మనిషిని మాట్లాడే గొట్టం దగ్గర కూచోబెడుతున్నాం. ఏది ఆగినా గొట్టంలో అరవడమే వాళ్ళ పని. అరవడానికి మా ఊళ్ళో మనుషుల కొరత లేదు.

రెండోది చేతి పిళ్ళు. చీకటి రోజు తరవాత ప్రతి పంకాల గదిలోనూ చేత్తో తిప్పే పెద్ద ఇనప పిడి బిగించారు. వంటశాలకీ పంకాలకీ సంబంధం ఉండదనే అనుకున్నాను. తలుపులకీ స్నానాలకీ కూడా ఉండదనే అనుకున్నాను కదా. అందుకని పిళ్ళు చూద్దామని వెళ్ళాం.

ప్రతి ఏడూ చీకటి రోజున ఊరంతా ఆ పిళ్ళ దగ్గరికి వెళ్తాం. పసుపు రాస్తాం, కుంకుమ బొట్టు పెడతాం, దండం పెట్టుకుని పోయినవాళ్ళని తలుచుకుంటాం. తిప్పిన పాపాన ఎవరూ పోలేదు. పంకాల గదిలో పిడి పట్టుకుని లాగితే కదల్లేదు. ఇన్నేళ్ళ పసుపు సందుల్లోకి దిగి సున్నంలా గట్టిపడిపోయింది.

"మేము పువ్వులే పెట్టాం చెల్లెమ్మా. ఈ పసుపంతా మీవాళ్ళదే" అన్నాడు యేసుపాదం అన్నయ్య.

"నీ పువ్వులు ఇరుసులో కుళ్ళి ఉన్నాయి, చూసుకో" అన్నాను.

ఇద్దరం గీకుతూ కూచుంటే, పడమటి వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. నీలవేణి పారిని భుజాన వేసుకుని వచ్చి, పిల్లని పక్కన పడుకోబెట్టి చాకు అందుకుంది. వాళ్ళు కాస్త గీకి కాస్త కూచుని, మళ్ళీ గీకారు. ఊపిరి సరిగ్గా అందని మనుషులు ఎంత పని చేయగలరో అంతా చేశారు. సాయంత్రానికి మూడు వీధుల పిళ్ళకీ నూనె పడింది, మూడూ తిరిగాయి. ఆ చప్పుడు వినడానికి జనం పోగయ్యారు. మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినని చప్పుడు అది.

నీలవేణి చేతులు తుడుచుకుంటూ అడిగింది. "రేపు వంటశాల ఆగితే అందరికీ తిండెలా?"

"పస్తు."

"పస్తెందుకే? మేము వండుతాం. మా వీధిలో మేము చివరిసారి వండేది ఊరందరూ తింటారు."

చివరిసారి అన్న మాట అంత మామూలుగా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. వండు, కానీ ఆ మాట ఇంకోసారి అంటే పళ్ళు రాలగొడతానన్నాను.

గురువారం

ఈ రోజు లాగ్ ఆనవాయితీ ప్రకారం మొదలుపెట్టను. చదివేవాళ్ళు క్షమించాలి.

మధ్యాహ్నం కాకముందే వంటశాలని మెయింటెనెన్స్‌లో పెట్టాను. తెరల మీద బోర్డు: "వంటశాల మరమ్మతులో ఉంది. ఈ పూట భోజనం పడమటి వీధివారిది. నడివీధి చావడికి రండి. ఎవరి ప్లేటు వాళ్ళే తెచ్చుకోండి." గొట్టాల దగ్గర మనుషులు చెవులు రిక్కించి కూచున్నారు. తలుపులు పనిచేస్తున్నాయి. నీళ్ళు వస్తున్నాయి. పాఠాలు నడుస్తున్నాయి, అది పిల్లలకి నచ్చలేదు. ఏమీ ఆగలేదు.

చావడి నిండిపోయింది. పప్పులో కలిపిన గోంగూర, గోంగూర పచ్చడి, వేడన్నం, వేయించిన ఎండుమిరపకాయలు. గంగరాజు ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికని ఒకసారి, కారం చూడ్డానికని ఇంకోసారి పెట్టించుకున్నాడు. మూడోసారికి సాకు దొరక్క ప్లేటు ఊరికే చాపాడు. సుభద్రాదేవి గారు కూడా తల వంచుకుని తింటున్నారు.

అప్పుడు గొట్టంలోంచి గొంతు. "తూర్పు వీధి! పీలికలు పడిపోయాయి!"

నేను తలెత్తి చూశాను. చావడి గాలిగూటి దగ్గర పీలిక మెల్లగా వాలి గోడకి అంటుకుపోయింది. పంకాల హోరు తగ్గి సన్నని మూలుగైంది. అందరి చేతులూ ప్లేట్లలో ఆగిపోయాయి. గోడ మీద తెర పచ్చగా మెరుస్తూనే ఉంది. గాలి: బాగుంది.

"వంటశాల తిరిగి పెట్టు!" సుభద్రాదేవి గారు లేచి నిలబడ్డారు. "భ్రమరా, వెంటనే పెట్టు!"

పెట్టబోయాను. వేలు తెర దాకా వెళ్ళింది. అప్పుడు నా కళ్ళు అందరి చేతుల్లో ఉన్న ప్లేట్ల మీద పడ్డాయి.

"అన్నయ్యా, ఏ వీధికి ఎంత గాలి పంపాలో గాలి విభాగానికి ఎలా తెలుస్తుంది?"

"వీధిలో ఎంతమంది ఉన్నారో చూసుకుని..." అంటూ ఆయన కూడా తన ప్లేటు వంక చూసుకున్నాడు. నోరు తెరుచుకుపోయింది. "ప్లేట్లు! అమ్మ బాబోయ్, ప్లేట్లు లెక్కపెడుతోంది!"

ఒకప్పుడు ఊరందరూ వంటశాల తిండే తినేవారు. ఎన్ని ప్లేట్లు వెళ్తే అంతమంది ఉన్నట్టు, అంతకన్నా నమ్మకమైన లెక్క లేదు. ఎవరో గాలిని ఆ లెక్కకి ముడేశారు. పడమటి వీధి వండుకోవడం మొదలుపెట్టింది, ప్లేట్లు ఆగాయి. ఆ వీధిలో మనుషులే లేరని వాకిలి గాలి తగ్గించేసింది. అందుకే దాని దృష్టిలో గాలి బాగుంది. లేని మనుషులకి ఎంత గాలైనా ఎక్కువే. ఈ పూట ఎవరికీ ప్లేటు వెళ్ళలేదు, కాబట్టి ఊళ్ళో మనుషులే లేరు.

బల్ల ఎక్కి గట్టిగా అరిచి ఈ సంగతంతా చెప్పాను. బల్ల ఎందుకు ఎక్కానో నాకే తెలియదు.

"రాతిలో పగులు లేదు! ఎప్పుడూ లేదు! మా చెల్లెలు గోంగూర వండుకుందని దానికి గాలి ఆపారు! ఇప్పుడు మీ పీలికలు చూసుకోండి, ఊరంతా పడమటి వీధే!"

"సరే, తెలిసింది కదా. ముందు వంటశాల పెట్టు, తరవాత మాట్లాడుకుందాం" అన్నారు సుభద్రాదేవి గారు. ఆవిడ కళ్ళ ముందు ఏ రోజు ఉందో నాకు తెలుసు.

నేను బల్ల దిగి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అరవలేదు.

"పెడితే పంకాలు లేస్తాయమ్మా. ముడి మాత్రం అలాగే ఉంటుంది, మళ్ళీ ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. గుహలో ఉన్న గాలి ఇప్పటికిప్పుడు అయిపోదు. గాలి విభాగాన్ని కూడా మెయింటెనెన్స్‌లో పెట్టనివ్వండి. పంకాలు పూర్తిగా ఆగుతాయి, చేత్తో తిప్పుకుందాం. ఆ ముడి కోసేసి తిరిగి పెడతాను. ఆ రోజు మన దగ్గర పిళ్ళు లేవు. ఈ రోజు ఉన్నాయి, నూనె కూడా పడింది."

ఆవిడ చెయ్యి కడుక్కున్నారు. చీర కొంగు నడుముకి దోపుకున్నారు. నడివీధి పంకాల గదిలోకి వెళ్ళారు. మరుక్షణం ఇనుము తిరిగిన చప్పుడు. లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఇంకా చూస్తావేం? ఆపు!"

ఆపాను. "గాలి మరమ్మతులో ఉంది. పిడి పట్టుకోండి." ఇంతకన్నా పొడుగు బోర్డు రాసే ఓపిక లేదు. పంకాల మూలుగు కూడా పోయింది. చీకటి రోజు తరవాత ఆ నిశ్శబ్దం వినడం అదే మొదలు. జనం ఎవరి వీధికి వాళ్ళు పరిగెత్తారు, ఆ వెంటనే మూడు వీధుల్లోంచి పిళ్ళ చప్పుడు లేచింది, తిరగళ్ళు తిప్పుతున్నట్టు. తూర్పు వీధివాళ్ళు కాసేపటికే రొప్పుతూ కూలబడ్డారు. గొట్టంలో నీలవేణి నవ్వు వినబడింది: "మాకిది అలవాటే! వస్తున్నాం, జరగండి!" పడమటి వీధివాళ్ళు పక్క వీధి పిడి కూడా అందుకున్నారు. గంగరాజు మా వీధి పిడి పట్టి, తిన్నదంతా అరిగేదాకా తిప్పాడు.

నేనూ అన్నయ్యా తెర ముందు కూచుని ముడి వెతికాం. దొరికింది. అతుకుల అడుగున, ఎవరో భద్రంగా వేసిన చిన్న ముడి. కోసేశాం. దాని బదులు ఇంకో విభాగానికి ముడెయ్యలేదు. ప్రతి వీధిలోనూ గాలిని కొలిచే పరికరాలు గోడల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటిని అడిగినవాళ్ళు లేరు. గాలి ఎలా ఉందో ఇక గాలినే అడుగుతుంది.

బోర్డు తీసేశాను. కాసేపు పిళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అన్నయ్య కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నాడు, నేను పళ్ళు కొరుకుతున్నాను. అప్పుడు పంకాలు లేచాయి. నా జన్మలో వాటిని అంత హోరుగా వినలేదు. గొట్టంలో ఊరంతా ఒకేసారి అరిచింది. ఎవరేమన్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనూ తిరిగి అరిచాను.

సుభద్రాదేవి గారు పంకాల గదిలోంచి చెమటతో బయటికి వచ్చారు. చేతుల నిండా పసుపు, నూనె.

"అప్పుడే మనకి పిడి ఉండుంటే..." అని ఆగిపోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోలేదు.

శనివారం

వాకిలి నడుస్తోంది. పాఠాల విభాగం తప్ప. అది మెయింటెనెన్స్‌లో ఉంది, పిల్లలందరూ వీధుల్లో ఉన్నారు.

గోడ లేవలేదు. గోడ కోసం తెచ్చిన రాళ్ళతో పడమటి వీధివాళ్ళు పెద్ద పొయ్యిగట్టు కట్టుకుంటున్నారు. నిన్న సభలో నియమం మార్చారు. వాకిలిని ఆపకూడదన్న మాట కొట్టేశారు. వారానికో విభాగం విశ్రాంతి తీసుకుంటుంది, దాని పని ఆ పూట మనుషులు చేస్తారు. ఇక నుంచి చీకటి రోజున పిళ్ళకి బొట్టు పెట్టి ఊరుకోకుండా తిప్పాలని కూడా రాశారు. ఆ మాట ప్రతిపాదించింది సుభద్రాదేవి గారు. వంటశాల మరమ్మతు నిన్ననే అయిపోయినా గంగరాజు తన బోర్డు తీయనివ్వడం లేదు. ఇంకా ఏదో చూడాలంటున్నాడు. భోజనాల వేళకి పడమటి వీధిలో కనబడుతున్నాడు.

మధ్యాహ్నం నీలవేణి మా ఇంటికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళ కింద నలుపు.

"ఏమైందే? గాలి రావడం లేదా?"

"గాలా? పీలిక రెండుసార్లు ఊడి ఎగిరిపోయింది, జంట ముడి వేశాను. గాలి కాదక్కా, నీ కూతురు. నిన్నట్నుంచి కన్ను మూస్తే ఒట్టు. గోడలెక్కుతోంది. ఇప్పుడే సుభద్రాదేవి గారి మోకాలికి గుద్దుకుని ఆవిడని కింద పడేసింది. దీన్ని కాసేపు నిద్రపుచ్చే విభాగం ఏదైనా ఉంటే చెప్పు, నీకు పుణ్యముంటుంది."

అలాంటి విభాగం లేదని చెప్పాను. ఉన్నా మెయింటెనెన్స్‌లోనే పెడతానన్నాను. బయట వీధిలో పరిగెత్తుతున్న చిన్న అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. మోకాళ్ళు జాగ్రత్త చేసుకుని తలుపు తీశాను.